పాత ఇనుము వెతుక్కుంటూ భిలాయి దాకా

భిలాయి వెళ్ళొచ్చానంటే మా విశాఖపట్నంలో ఎవరూ ఆశ్చర్యపోరు. మా వైపు ఏ కుటుంబాన్ని కదిపినా అక్కడ ఒక బాబాయో బావో తేలతారు. ఉక్కు ఊరికి ఇనుము కోసం వెళ్ళానన్నా సరే అంటారు. తుప్పు పట్టిన పాత ఇనుమే కావాలన్నాననీ, కొత్తది ఉత్తినే ఇస్తామన్నా వద్దన్నాననీ చెబితే మాత్రం నా మొహం వంక అదోలా చూస్తారు. అందుకని ముందు ఆ సంగతి చెప్పేసి తర్వాత బండెక్కుతాను.

నేను కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెబుతాను. పాఠాలు కాక నాకున్న ఒకే ఒక్క పిచ్చి న్యూట్రినో. అణు రియాక్టరు నడుస్తున్నంతసేపూ ఇవి దాంట్లోంచి లెక్కలేనన్ని బయటికొస్తుంటాయి. గోడకి ఆగవు, కొండకి ఆగవు, మన ఒంట్లోంచి కూడా వెళ్ళిపోతాయి, మనకి తెలియదు. ఎప్పుడో ఒకటి పోయి పోయి దేనికో తగులుతుంది. అప్పుడు పుట్టే చిన్న మెరుపుని పట్టుకోవడమే మా పని. దీని మీద ఇంకో అనుమానం కూడా ఉంది. బయల్దేరినప్పుడు ఒక రకంగా ఉన్నది దారిలో వేరే రకంగా మారి, మళ్ళీ మొదటి రకానికొచ్చి, అలా ఊగుతూ పోతుందేమోనని. అది తేలాలంటే రియాక్టరుకి దగ్గర్లో ఒకచోట, దూరంగా ఒకచోట లెక్కపెట్టి దారిలో ఎన్ని తగ్గాయో చూడాలి. పెద్ద దేశాల వాళ్ళు ఇంటింత తొట్లు కట్టుకుని ఆ పనిలోనే ఉన్నారు. మాకున్నది బిందెంత పరికరం. దాంతో దూరం సంగతి తేలదు. దగ్గర్లో ఒక్కటైనా కనబడుతుందా అని చూడొచ్చు. చదువుకునే రోజుల నుంచీ నాకు ఆ ఒక్కటి చూడాలని ఉంది. ఇప్పటికీ పొద్దున్నే లేవగానే గుర్తొచ్చేది అదే.

సముద్రం పక్కనున్న ఒక రియాక్టరు వాళ్ళు, నాకు ఈ పిచ్చి అంటించి ఇప్పటికీ నాతో పనిచేస్తున్న మా మాస్టారి ముఖం చూసి కింది అంతస్తులో చిన్న గది ఇచ్చారు. వేసవి దాటాక అది వేరేవాళ్ళది. మా మాస్టారికి ఉద్యోగం కూడా ఆ వేసవి వరకే. మళ్ళీ ఆ గుమ్మం నా మొహం చూసి ఎవరూ తెరవరు.

గది దొరికింది గానీ గోడ దొరకలేదు. రాయి, సిమెంటు, ఇనుము, అన్నింట్లోనూ రవ్వంత రేడియోధార్మికత ఉంటుంది. మనుషులకి దాంతో పనిలేదు. మా పరికరానికి మాత్రం అది సంతలో రొద. ఆ రొదలో మా మెరుపు కలిసిపోతే ఇక తెలియదు. అందుకని పరికరం చుట్టూ ఇనుప గోడ కట్టాలి, ఆ ఇనుము తానే రొద చెయ్యకూడదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అణుబాంబుల ధూళి గాలిలో కలిసింది. ఉక్కు చెయ్యాలంటే కొలిమిలోకి గాలి ఊదాలి, దాంతో ఆ ధూళీ ఉక్కులో చేరుతుంది. పైగా కొలిమి లోపలి గోడ ఎంత అరిగిందో తెలియడానికి ప్రపంచంలో కొన్నిచోట్ల ఇటుకల్లో రేడియోధార్మిక కోబాల్టు పెడతారు. ఇటుక అరిగితే అది ఉక్కులోకి దిగి, పాత సామాను కరిగించినప్పుడల్లా ఊళ్ళు తిరుగుతుంది. యుద్ధానికి ముందు చేసిన ఇనుముకి ఈ బాధ లేదు. అలాంటిది పాత ఓడల్లోనో, పాత రైలు పట్టాల్లోనో దొరకాలి. ఓడ ఎలాగూ కొనలేం. భిలాయిలో ఉన్న మా కనకం అక్క ఒకసారి, తమ పేటలో కాలవల మీద వంతెనలన్నీ తెల్లవాళ్ళ కాలం నాటి పట్టాలేనని చెప్పిన సంగతి గుర్తొచ్చింది. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, పట్టాలు దొరక్కముందే గోడకి బొమ్మ గీసుకుని భిలాయి వైపు వెళ్ళే బండెక్కాను.

రాయగడ దాటాక

అక్కకి రెండు వస్తువులు తీసుకెళ్ళాను. అనకాపల్లి బెల్లం, ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు. విజయనగరం దాటేసరికే నెత్తళ్ళ సంగతి పెట్టెలో అందరికీ తెలిసిపోయింది. ఎదురు బల్ల మీద కూర్చున్న పెద్దాయన కిటికీ తీశాడు. నేను బయటికి చూస్తూ కూర్చున్నాను.

రాయగడ దాటాక కొండలు వచ్చాయి, సొరంగాలు వచ్చాయి. సొరంగంలోకి వెళ్ళినప్పుడల్లా పిల్లలు అరిచారు. న్యూట్రినోకి సొరంగం అక్కర్లేదు గదా అనుకుని నాలో నేను నవ్వుకుంటే ఆ పెద్దాయన ఇంకా దూరం జరిగాడు. టిట్లాగఢ్‌లో బండి చాలాసేపు ఆగింది. అక్కడి ఎండ గురించి విన్నవన్నీ నిజమే. బెల్లం కరిగి సంచీలోంచి కారి నెత్తళ్ళ పొట్లంలోకి దిగింది.

అక్కడ ఎక్కిన ఒక ఛత్తీస్‌గఢీ ఆవిడ నా పక్కన కూర్చుని చద్ది విప్పింది. అన్నంలో నీళ్ళు పోసి నానబెట్టి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, రోట్లో నూరిన టమాటా పచ్చడి. బోరే బాసి అంటారట. మన చద్దన్నమే, పేరు వేరు. చెయ్యి చాపి ఒక ముద్ద పెట్టింది. పెట్టాక నేనేం పని మీద వెళ్తున్నానని అడిగింది. నా హిందీ పరీక్ష హిందీ. పాత ఇనుము వెతకడానికి అన్నాను. భర్త పాత సామాన్ల వ్యాపారమా అని అడిగింది. అవునంటే తేలిక కాబట్టి అవునన్నాను. పెళ్ళే కాలేదు నాకు.

పవర్ హౌస్

పవర్ హౌస్ అంటే కరెంటు తయారుచేసే చోటు అనుకునేరు. అది స్టేషను, బజారు, బస్సులు ఆగే చోటు, అన్నీ. బండి రాత్రంతా ఆగి ఆగి నడిచి, మర్నాడు పొద్దున్న దిగాను. బావ సత్యం నైటు షిఫ్టు నుంచి నేరుగా వచ్చి నిలబడ్డాడు. ఆయన రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో పనిచేస్తాడు. నా సంచీ అందుకుని వాసన చూశాడు, మొహం వికసించింది.

ఆ ఊళ్ళో పొద్దున ఫలహారం అటుకుల పులిహోర లాంటి పోహా, పక్కన జిలేబీ. కారంగా ఒక చెంచా, తియ్యగా ఒక ముక్క. మన దగ్గరైతే పెద్దవాళ్ళు తిట్టేవారు. రెండు ప్లేట్లకీ టీకీ కలిపి పది రూపాయలు కూడా కాలేదు. బండివాడు తెలుగాయనే. బావతో తెలుగులో మొదలుపెట్టి మధ్యలో హిందీలోకి వెళ్ళి, చిల్లర దగ్గర మళ్ళీ తెలుగులోకి వచ్చాడు. టెంపోలో మోకాళ్ళు మడిచి కూర్చుని క్యాంప్ 1 చేరాం.

దారిలో బావ, నా చేతిపెట్టెలో ఏముందని అడిగాడు. రంపం, ముక్కలు దాచే సీసాలు అని చెప్పాను. ఇనుము కోసం వచ్చానని తెలిసి ఆయన తెగ సంబరపడ్డాడు. మిల్లులో కోసి పారేసిన పట్టా చివర్లు పవర్ హౌస్ తుక్కు వ్యాపారుల దగ్గర వేలంపాట సరుకులో దొరుకుతాయట. కొత్తవి, తళతళలాడేవి, ఎన్ని కావాలంటే అన్ని. అసలు సంగతి భోజనాల దగ్గర చెబుదామని ఊరుకున్నాను.

క్యాంప్ 1

కార్ఖానా కట్టేటప్పుడు కూలీలకి వేసిన పేట అది. చిన్న చిన్న ఇళ్ళు, ఇరుకు సందులు, గుమ్మానికి గుమ్మం ఎదురు. ఉతికి ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి కొద్దిగా ఎర్రబడుతుంది. అక్క నన్ను చూసి చిక్కిపోయానంది. అది ఎవరొచ్చినా అనే మాట. కరిగిన బెల్లం అంటుకున్న నెత్తళ్ళ పొట్లం విప్పి, పారేస్తుందనుకుంటే, కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. భీమిలి ఒడ్డున పెరిగిన మనిషి. సముద్రం చూసి చాలా ఏళ్ళయిందంది. బెల్లం కడిగి వేయించి ఆ మధ్యాహ్నమే వండేసింది. కొంచెం తియ్యగా ఉన్నా ఎవరూ పేరు పెట్టలేదు.

అక్క కూతురు రేఖ డిగ్రీ చదువుతోంది. నన్ను పిన్ని అనకుండా మౌసీ అంటుంది. తెలుగు అర్థమవుతుంది, జవాబు హిందీలో వస్తుంది. న్యూట్రినో అంటే ఏమిటో ఆ పిల్లకి చెబుతుంటే, దారిలో రకం మారడం దగ్గర అక్క అందుకుంది.

"అందులో ఇంతేటుందే వసూ. విజీనారంలో బండెక్కినప్పుడు మేం తెలుగోళ్ళం. ఇక్కడ దిగీసరికి మాకు ఇది పుట్టింది."

రేఖ మూతి తిప్పుకుంది. అందరం నవ్వాం. తర్వాత నేను అసలు సంగతి చెప్పాను, మా పరికరం డబ్బా చుట్టూ కట్టే గోడకి కొత్త ఉక్కు పనికిరాదనీ, అందులో కంటికి కనబడని మురికి ఉంటుందనీ. మురికి అన్న మాట నేనే వాడాను. సులువుగా అర్థమవుతుందనుకున్నాను. బావ చెయ్యి అన్నంలోనే ఆగింది.

"మా మిల్లు పట్టా మీద దేశమంతా తిరుగుతంది మరదలా. నీ డబ్బాకి పనికిరాదేటి?"

ఒక్క భిలాయిదే కాదు, ఇప్పుడు ప్రపంచంలో ఎక్కడ చేసిన ఉక్కైనా అంతేనని చెప్పాను. ఆయన తల ఊపాడు. ఎప్పుడూ మారు వడ్డించుకునే మనిషి ఆ పూట మజ్జిగ కూడా పోసుకోకుండా లేచి చెయ్యి కడుక్కున్నాడు.

పట్టా మీద అంకెలు

ఆ పేటలో పొద్దున్నే వినబడే మోత ఒకటుంది. సందు మొదట వీధి కుళాయి. దాని పక్కన ఒక గుంజకి మూరన్నర రైలు పట్టా ముక్క గొలుసుతో వేలాడుతుంది. కుళాయిలో నీళ్ళు రాగానే నరసమ్మ పిన్ని పెద్ద బోల్టుతో దాన్ని కొడుతుంది. అది విని సందంతా బిందెలతో వస్తుంది. పిన్ని భర్త కార్ఖానా కట్టే రోజుల్లో వేలాడదీసిందట. ఆయన పోయి చాలా కాలమైంది. నీళ్ళు ఏ వేళకొస్తాయో ఎవరికీ తెలియదు, ఒక్కోరోజు రానే రావు. పిన్ని మాత్రం చీకటుండగానే వచ్చి, కుళాయి పక్కన ముక్కాలి పీట వేసుకుని, ఒళ్ళో బోల్టు పెట్టుకుని కూర్చుంటుంది. మా ఊళ్ళో ట్యాంకరు దగ్గర బిందెలు వరసలో పెట్టి కొట్టుకుంటారు. ఇక్కడ ఆ గంట మోగితేనే ఎవరైనా బయటికొస్తారు, ఎవరి వంతు వాళ్ళకి తెలుసు.

పాత పట్టా పక్కన, నడుం దగ్గర, చేసిన సంవత్సరం ఉబ్బెత్తు అంకెల్లో ఉంటుంది. తుప్పు కింద కనబడదు. ఇటుక ముక్కతో రుద్ది, సుద్ద పూసి చూస్తే తేలుతుంది. అక్క కొంగు దోపుకుని నాతో వచ్చింది. కాలవ మీద వంతెనగా వేసినవి, గడప కింద పెట్టినవి, మిరపకాయలు దంచే చోట ఆనుగా వాడినవి, ఇల్లిల్లూ తిరిగి రుద్దాం. సుద్దలో యుద్ధానికి ముందటి అంకె తేలినప్పుడల్లా దాన్ని పైకి చదివేదాన్ని. పట్టుకుంటే అది ఉత్త తుప్పే. నాకు మాత్రం పరికరం చుట్టూ కట్టబోయే గోడ కనబడేది.

అడిగిన ఇల్లల్లా ఇచ్చింది. బదులుగా సిమెంటు పలక వేయిస్తామన్నాం, కొందరు అదీ వద్దన్నారు. విశాఖపట్నం నుంచి పిల్ల తుప్పు ఇనుము కోసం ఇంత దూరం వచ్చిందని పేటంతా పాకింది. చూడ్డానికొచ్చినవాళ్ళు టీ తాగి వెళ్ళారు. లోపలి గోడకి సరిపడా పట్టాలు అక్క పెరట్లో చేరాయి. గంట పట్టా సంగతి ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, దాని వైపు మాత్రం రెండుసార్లు చూశాను.

సివిక్ సెంటర్

పట్టాలు పార్సిలులో పంపే సంగతి తాను చూసుకుంటానన్నాడు బావ. మర్నాడు షిఫ్టు దిగగానే తీసుకెళ్తానన్నాడు. రెండు రోజులుగా ముభావంగా ఉన్న ఆయన అంత ఉత్సాహంగా చెబితే నాకూ హాయి అనిపించింది. ఊరు చూసి రమ్మని మమ్మల్ని తరిమినంత పని చేశాడు.

అక్క, రేఖ, నేను కార్ఖానా వాళ్ళు కట్టించిన కాలనీ సెక్టార్ల వైపు వెళ్ళాం. అక్కడ రోడ్లు వెడల్పు, చెట్లు వరసలో ఉన్నాయి. ఆఫీసర్ల క్వార్టర్ల ముందు గులాబీలు. క్యాంపు నుంచి అరగంట ప్రయాణమే అయినా వేరే ఊరు అనిపిస్తుంది. సెక్టార్ల మధ్య బజారు లాంటి సివిక్ సెంటర్లో కాఫీ తాగాం. కాఫీ మన కాఫీలాగే ఉందని అక్క రెండు కప్పులు తాగింది. ఒక ఆఫీసరు భార్య తెలుగు విని పలకరించి, ఏ సెక్టారని అడిగింది. క్యాంప్ 1 అని అక్క చెప్పాక ఆవిడ నాతోనే మాట్లాడింది. అక్క కప్పు అడుగున మిగిలిన చక్కెర చెంచాతో గీకుతూ కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు అక్క ఉన్నట్టుండి, ఆ గదిలో నాకు అది కనబడితే ఏం చేస్తానని అడిగింది. ఏమీ చెయ్యను, చూస్తానంతే అన్నాను. నేను సముద్రం గురించి అలాగే అనుకుంటానే అంది. నా జీవితంలో అంత తేలికగా ఉన్న మధ్యాహ్నాలు తక్కువ.

ఇనుప ఇటుకలు

ఇంటికొచ్చేసరికి పెరట్లో పట్టాలు లేవు. పార్సిలుకి వెళ్ళాయనుకున్నాను. వాటి చోట, గోడ వారగా, చక్కగా పేర్చిన ఇనుప ఇటుకలున్నాయి. అన్నీ ఒకే కొలత, అంచులు తీరుగా ఉన్నాయి. దగ్గరికెళితే ఇంకా వెచ్చగా ఉన్నాయి. బావ పక్కన నిలబడి ఉన్నాడు. షిఫ్టు దిగి పడుకోకుండా, తోపుడుబండి తానే లాగి, క్యాంప్ 2 లో స్నేహితుడి చిన్న పోత కొలిమికి పట్టాలు తీసుకెళ్ళి కరిగించి తెచ్చాడు. చొక్కా మీద నిప్పురవ్వల చిల్లులు పడ్డాయి.

"తుప్పు ఇనుము సంచిలో ఏసి మరదల్ని పంపుతామేటి? మురికన్నావు కదా. నిప్పులో పోని మురికుంటదేటి? ఎంతున్నా తెట్టులాగ పైకి తేలిపోద్ది, తీసి పారేస్తాం. ఇప్పుడు సూడు."

ఆయన జీవితమంతా చూసింది అదే. మన్నుతో, రాయితో వచ్చిన ఖనిజం కొలిమిలో పడితే మలినం తేలిపోయి ఉక్కు మిగులుతుంది. నిప్పుని నమ్మిన మనిషికి నేను మురికి అనే మాట చెప్పాను. ఏదైనా కలిపారా అని అడిగాను. కొలిమి నిండడానికి మంచి తుక్కు, మేలైనదే, కొత్తది, ఏరి ఏరి కలిపానన్నాడు. డబ్బు కూడా తనే పెట్టుకున్నాడు.

"అది తెట్టులోకి రాదు బావా," అన్నాను. "ఇనుముతోనే ఉండిపోతుంది. ఇప్పుడు కొత్తదీ పాతదీ కలిసిపోయాయి."

ఆయన వంగి ఒక ఇటుక మీద చెయ్యి వేసి, కాలుతుందేమో, తీసేశాడు. నాకు కోపం వచ్చింది, చెప్పుకోలేనంత కోపం. లోపలికెళ్ళి అక్క బియ్యం డబ్బా మీద కూర్చుని ఏడ్చాను. వేసవి వచ్చేస్తోంది. ఆ గది తాళం నా కళ్ళ ముందే వేసినట్టయింది. అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఆ సాయంత్రం కార్ఖానా వైపు ఆకాశం ఎర్రబడింది. కరిగిన తెట్టు పారబోస్తున్నారని రేఖ చెప్పింది. పేటలో ఎవరూ తలెత్తి చూడరు. బావ మాత్రం అరుగు మీద కూర్చుని అటే చూస్తున్నాడు.

కుళాయి దగ్గర

మర్నాడు పొద్దున్నే బావ ఇంట్లో లేడు. నేను మొహం కడుక్కుని సందు మొదటికి నడిచాను. నరసమ్మ పిన్ని పీట మీద కూర్చుని ఉంది. కుళాయి పొడిగా ఉంది. పక్కన నేల మీద కూర్చున్నాను. జరిగింది పేటంతటికీ తెలుసు కాబట్టి నేను చెప్పాల్సిందేమీ లేదు. ఆవిడ కుళాయి వైపే చూస్తూ, ఆ డబ్బాలో దేనికోసం చూస్తానని అడిగింది. ఒకటి వస్తుంది, కనబడదు, ఎప్పుడో ఒకసారి తగులుతుంది, అప్పుడు తెలుస్తుంది అన్నాను. మా మాస్టారికి కూడా ఇంతకంటే బాగా చెప్పలేకపోయేదాన్ని.

"వస్తదని నమ్మకమేనేటి?" అంది.

"వస్తుంది పిన్నీ. మాకు కనబడుతుందో లేదో తెలీదు."

"మరైతే నువ్వూ కూకోవాలి కావాల."

"కూర్చోవాలి."

ఆవిడ లేచి, గుంజ దగ్గరికెళ్ళి, గంట పట్టాని అరచేత్తో తుడిచింది. దాని నడుం మీద అంకెలు ఇటుక ముక్కతో రుద్దే పని లేకుండానే కనబడ్డాయి. ఇన్నేళ్ళ దెబ్బలకి అక్కడ తుప్పు నిలవలేదు. నేను రెండుసార్లు చూసింది ఆ అంకెలే.

"పట్టుకెళ్ళు," అంది. "ఆయన దీన్ని మోగడానికి ఏలాడదీసినాడు. కూకునేవాళ్ళ పక్కన ఉండనీ."

వద్దన్నాను. ఒక్క ముక్క గోడకి చాలదని చెప్పాను, నిజమే చెప్పాను. వద్దంటూనే దాని మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. నాకు అది కావాలని ఉంది, సిగ్గు లేకుండా కావాలని ఉంది. ఇంతలో బావ సైకిలు తోసుకుంటూ వచ్చాడు. వెనక గోనెలో పవర్ హౌస్ తుక్కు దుకాణంలో కొన్న పట్టా ముక్క, తన మిల్లుదే. గంట నాకిస్తానని పిన్ని బావకి ముందు రోజు రాత్రే చెప్పిందని అప్పుడు తెలిసింది. నా మొహం చూడకుండా గొలుసు విప్పి, పాతది దింపి, కొత్తది కట్టాడు. బోల్టుతో ఒకసారి కొట్టాడు. పాతదాని మోత బరువుగా, నెమ్మదిగా ఉండేది. ఇది సన్నగా, గట్టిగా కణంగుమంది. సందులోంచి బిందెలతో నలుగురు పరుగెత్తుకొచ్చి, నీళ్ళు లేవని చూసి తిట్టారు. బావ తలవంచుకుని తిట్లు తిన్నాడు. పిన్ని నవ్వింది. ఆ తర్వాత చేత్తో తడిమి చూసి, ఇది అలవాటవ్వాలంది.

తిరుగుబండి

పట్టా ముక్కని గోనెలో చుట్టి బావా నేనూ చెరో పక్కా పట్టుకుని పవర్ హౌస్ దాకా తెచ్చాం. టెంపోవాడు దానికి కూడా టికెట్టు డబ్బులు తీసుకున్నాడు. ప్లాట్‌ఫారం మీద బండి కదిలేముందు బావ, ఇటుకలు పెరట్లో ఉన్నాయనీ, వాటితో అక్కకి తులసికోట కడతాననీ అన్నాడు. కట్టు బావా అన్నాను. నా కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

పిండి కొద్దీ రొట్టె అన్నారు. పెద్ద గోడ మానుకుని, ఆ ముక్కని పలకలుగా కోసి, పరికరంలో అన్నిటికంటే సున్నితమైన భాగం చుట్టూ గూడు కట్టాం. బయట మామూలు ఇనుమే పెట్టాం. కొయ్యక ముందు దాన్ని పరీక్షగదిలో ఉంచి చూశాం. మేం చూసిన ఇనుములన్నిటికంటే అది నెమ్మదిగా ఉంది. ఇన్నేళ్ళు సందునంతా నిద్రలేపిన వస్తువు మా దగ్గర చప్పుడే చెయ్యలేదు. మాస్టారు దాని మీద చెయ్యి వేసుకుని చాలాసేపు కూర్చున్నారు.

వేసవంతా ఆ కింది గదిలో ఉన్నాను. రియాక్టరు నడిచినప్పుడు లెక్కపెట్టాం, ఆపినప్పుడు లెక్కపెట్టాం. తేడా ఉన్నట్టే ఉంటుంది, మళ్ళీ చూస్తే లేనట్టే ఉంటుంది. మిగిలిన గోడకి కూడా అలాంటి ఇనుమే ఉంటే తేలేదేమో. తేలేది కాదేమో. వేసవి అయిపోయింది, గది ఖాళీ చేశాం. మాస్టారు తాళం చెవి ఇచ్చేసి సముద్రం వైపు నడిచారు. దూరదేశాల్లో పెద్ద తొట్ల వాళ్ళు ఇంకా లెక్కపెడుతూనే ఉన్నారు. పరికరం ఇప్పుడు మా కాలేజీలో మెట్ల కింది కొట్లో, ఆ గూటిలోనే ఉంది. దగ్గర్లో రియాక్టరు లేదు. అక్కడ అది దేనికోసం చూడాలో దానికే తెలియదు.

మొన్న ఎస్టీడీ బూత్ నుంచి భిలాయి ఫోన్ చేశాను. అక్క ఇంటికి ఫోన్ లేదు, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి చేస్తే పిలుస్తారు. బావ వచ్చాడు. కనబడిందా అని అడిగాడు. లేదన్నాను. తన వల్లేనని అనుకుంటున్నాడని తెలిసి, నీవల్ల కాదు బావా అన్నాను. మాట మార్చడానికి కొత్త గంట ఎలా మోగుతోందని అడిగాను.

"మోగడానికేటి, మా మిల్లుది గట్టిగానే మోగుతాది. నీళ్ళే సరిగ్గా రాటం లేదు. ఈ వారంలో ఒక్కరోజూ రానేదు."

"మరి పిన్ని?"

"పిన్నికేటి, రోజూ కూకుంటంది."

ఫోన్ పెట్టేసి, బూత్ వాడికి డబ్బులిచ్చి, ఇంటికి వెళ్ళాల్సినదాన్ని కాలేజీకి వెళ్ళాను. కొట్టు తాళం తీసి, పరికరం మీది దుమ్ము తుడిచి, తీగలు తగిలించి, స్విచ్చి వేశాను. పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాను.